స్కూల్ వాట్సాప్ గ్రూపుకు తాళం వేయడం సబబేనా?

గోపాలపట్నం అమ్మ:
సోమవారం వానలో మా బాబు స్కూల్ బస్సు గంటన్నర ఆలస్యమైంది. గ్రూపులో ఒకే ఒక్క ముక్క పెట్టారు: "బస్సులు ఆలస్యంగా వస్తాయి, తల్లిదండ్రులు సహకరించగలరు." ఏ బస్సు? ఎక్కడుంది? అడుగుదామంటే అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయకుండా తాళం. నోరు లేక అందరూ ఆ మెసేజ్ మీదే ఏడుపు బొమ్మలు నొక్కారు. నేను చూసేసరికి 43. ఇక అందరం డ్రైవర్‌కే ఫోన్లు. విశాఖ ఎన్ఏడీ కొత్తరోడ్డు ట్రాఫిక్‌లో పిల్లల్ని ఎక్కించుకుని బండి నడుపుతున్న మనిషికి! అడిగితే జవాబు చెప్పే వీలున్న చోట టముకు వేసి వెళ్లిపోతే ఎలా? తాళం తీయాల్సిందే.

ఆఫీస్ రూమ్:
మీ బాధ న్యాయమే అమ్మా. అయినా తీయొద్దంటాను. నేను వేరే స్కూల్లో ఆఫీసు చూస్తాను. 2018లో వాట్సాప్ ఈ తాళం ఇచ్చేదాకా మాకు నిద్ర లేదు. గుడ్ మార్నింగ్ పూలు, ఫీజు గొడవలు భరించాం. ఒకసారి తుపాను రోజుల్లో ఎవరో పాత సెలవు ఉత్తర్వును తేదీ కనపడకుండా కత్తిరించి పెట్టారు. పది నిమిషాల్లో అన్ని గ్రూపులకూ పాకింది. మర్నాడు పరీక్ష, సగం మంది పిల్లలు రాలేదు. ఇవన్నీ చూసుకోవడానికి ఉన్నది నేనొక్కదాన్నే, ఫీజు కౌంటర్ కూడా నాదే.

రుషికొండ:
జవాబు చెప్పే మనిషి లేకపోతే తాళం తీసినా వేసినా ఒకటేనండి. నేను కంపెనీలకు వాట్సాప్ సర్వీసులు తయారుచేస్తాను. అక్కడ నియమమే ఉంది: కస్టమర్ మెసేజ్ పెట్టిన 24 గంటల్లోపే మన మాటల్లో జవాబు రాయగలం, దాటితే వాట్సాప్ నుంచి ముందే ఆమోదం పొందిన టెంప్లేట్లే, అంటే అచ్చు మెసేజ్‌లే దిక్కు. అయినా చాలా చోట్ల పోస్టర్ల డిజైన్‌కు డబ్బులుంటాయి, వచ్చిన మెసేజ్ చదివే మనిషికి జీతం ఉండదు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' అనే వాట్సాప్ సర్వీసు తెచ్చింది. సర్టిఫికెట్లకు మెనూ బాగానే ఉంటుంది. "నా బిడ్డ ఎక్కడున్నాడు" అన్నది మెనూలో పట్టదు.

2022లో వచ్చిన వాట్సాప్ కమ్యూనిటీలు ఇందుకు పనికొస్తాయి. పైన ప్రకటనల గ్రూపుకు తాళం ఉంటుంది, కింద బస్సుకొక చిన్న గ్రూపు తెరిచి ఉంచుకోవచ్చు.

పెదవాల్తేరు మాస్టారు:
2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు టవర్లు కూలి ఫోన్లు మూగబోయాయి. కరెంటు కోసం రోజుల తరబడి చూశాం. ఎన్ని గ్రూపులు పెట్టినా, పిల్లల ఇళ్ల అడ్రసులు కాగితం మీద బస్సులో ఉండాలి బాబూ.

గోపాలపట్నం అమ్మ:
నిజమే మాస్టారూ. ఆఫీస్ రూమ్ మేడం, పెద్ద గ్రూపు వరకు మీ మాటే ఒప్పుకుంటున్నాను. మా బస్సులో 38 మంది పిల్లలు. ఆ 38 ఇళ్లకు ఒక గ్రూపు చాలు. బస్సులో ఆయా ఎలాగూ ఉంటుంది. "ఎన్ఏడీ దాటాం" అని ఆవిడ వాయిస్ పెడితే ఒక్కరూ డ్రైవర్‌కు ఫోన్ చేయరు.

ఆఫీస్ రూమ్:
ఆయాకు ఆ అధికారం ఎవరిస్తారమ్మా? మా దగ్గర ప్రిన్సిపాల్ చూడకుండా ఒక్క ముక్క బయటికి పోదు.

గోపాలపట్నం అమ్మ:
బస్సు ట్రాఫిక్‌లో ఆగిందని చెప్పడానికి ప్రిన్సిపాల్ అనుమతి దేనికండి? గురువారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఇదే అడుగుతాను.