బందరును వదిలి ఇంగ్లీషువాళ్లు మద్రాసుకు ఎందుకు వెళ్లారు?

అందరికీ నమస్కారం. బందరు (మచిలీపట్నం) చరిత్ర చదువుతుంటే ఒక సందేహం వచ్చింది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగారు. వాళ్లకు కావలసింది మన అద్దకం బట్టలు. వాటిని తూర్పు దీవుల్లో ఇచ్చి మిరియాలు, లవంగాలు తెచ్చుకునేవాళ్లు. ఎరుపు రంగుకు చిరివేరు అనే మొక్క వేరు వాడేవారు, మేలైన వేరు పక్కనే నిజాంపట్నం వైపు దొరికేది. గోల్కొండ రాజ్యానికి అసలు రేవే ఇది. ఇన్ని ఉండి కూడా ఇంగ్లీషువాళ్లు 1626లో దక్షిణాన నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో ఒక స్థావరం పెట్టుకున్నారు. 1639లో ఆ ప్రాంతపు పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర అనుమతి తీసుకుని, 1640లో మద్రాసులో కోట మొదలుపెట్టారు.

నాకు అర్థంకానిది ఇక్కడే. బందరులో తీరం లోతు లేదు, ఓడలు దూరంగా ఆగితే పడవల్లో సరుకు చేరవేయాలి, ఒప్పుకుంటా. కానీ మద్రాసులో మాత్రం ఏముంది? అక్కడా హార్బర్ లేదు. అలల మీద పలకలను తాళ్లతో కుట్టిన పడవలే దిక్కు, పైగా వాటి పేరు మసూలా పడవలు, వింటే మన ఊరి పేరులాగే ఉంది!

మరి గోల్కొండ అధికారుల సుంకాల గొడవే అసలు కారణమా, లేక మద్రాసు వైపు బట్ట చవకగా దొరికిందా? నాకైతే మొదటిదే ఎక్కువ అనిపిస్తోంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ దగ్గర అడ్వాన్సులు తీసుకున్న నేతగాళ్లు, అద్దకంవాళ్లు కూడా దక్షిణానికి వలస వెళ్లారా? దీని మీద తెలుగులో మంచి పుస్తకం ఉంటే పేరు చెప్పండి, ప్లీజ్.