256 దాటగానే పాత ప్రాసెస్ డేటా కనబడుతోంది – ఏఎస్ఐడీలు ఎలా ఇస్తున్నారు?

అనంతపురం_ఫైనల్ఇయర్:
అన్నలకు నమస్తే. ప్రాజెక్టు కోసం రాస్ప్‌బెర్రీ పై 3 మీద చిన్న కెర్నల్ రాస్తున్నాం. ప్రతి కొత్త ప్రాసెస్‌కీ ఏఎస్ఐడీ (ఏ ప్రాసెస్ మెమరీయో హార్డ్‌వేర్ గుర్తుపట్టే నంబరు) ఒకటి పెంచి ఇస్తున్నా. క్యూఎమూ ఎమ్యులేటర్‌లో (బోర్డును అనుకరించే సాఫ్ట్‌వేర్) ఎంతసేపు నడిపినా బాగుంది. బోర్డు మీద మాత్రం 256 దాటగానే, ఎప్పుడో ముగిసిన ప్రాసెస్ డేటా కొత్తదానికి కనబడుతోంది. నంబర్లు ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి? నాలుగు కోర్లకు లాక్ ఎక్కడ పెట్టాలి? వచ్చే వారం రివ్యూ, ఒకటే టెన్షన్.

కర్నూలు_బేర్‌మెటల్:
క్యూఎమూని నమ్ముకోవద్దు అబ్బీ. టీటీబీఆర్‌లో (పేజీ టేబుల్ చిరునామా ఉండే రిజిస్టర్) ఏఎస్ఐడీ మారితే అది టీఎల్బీ (అడ్రస్ అనువాదాలు దాచుకునే కాష్) మొత్తం ఊడ్చేస్తుంది, నీ బగ్గు అక్కడ బయటపడదు. టీసీఆర్ అనే కంట్రోల్ రిజిస్టర్‌లో 36వ బిట్ పెట్టావా? లేకపోతే హార్డ్‌వేర్ 8 బిట్లే చూస్తుంది. నీ 256 దానికి 0. ముందు ఐడీ రిజిస్టర్‌లో ఏఎస్ఐడీబిట్స్ అనే ఫీల్డ్ చదువు. 2 వస్తే 16 బిట్లు ఉన్నట్టు.

కడప_డ్రైవర్లు:
16 బిట్లు పెడితే రోగం వాయిదా పడుతుందంతే. 65536 తర్వాత మళ్లీ ఇదే గోల. ప్రాసెస్ ముగియగానే ఆ ఏఎస్ఐడీకి టీఎల్బీఐ (టీఎల్బీ ఎంట్రీలు చెరిపే ఇన్‌స్ట్రక్షన్) కొట్టి నంబరు వదిలేయ్. గుడి దగ్గర చెప్పుల స్టాండులో టోకెన్ వెనక్కిచ్చినట్టే. మా ప్రొడక్టులో ఇదే నడుస్తోంది, ఒక్క కంప్లైంట్ లేదు.

తాడిపత్రి_సిస్టమ్స్:
తప్పుడు సలహా. షెల్ స్క్రిప్టు నడిస్తే ప్రాసెస్‌లు ఎంత వేగంగా పుట్టి పోతాయో తెలుసు కదా. పోయిన ప్రతిసారీ అన్ని కోర్లకూ బ్రాడ్‌కాస్ట్ చేసి డీఎస్బీ (ఆ పని పూర్తయ్యేదాకా ఆపే ఇన్‌స్ట్రక్షన్) దగ్గర కాచుకోవాలా? లైనక్స్‌లో ఏఎస్ఐడీతో పాటు జనరేషన్ నంబరు (ఇది ఎన్నో విడత పంపకమో చెప్పేది) ఉంటుంది. నంబర్లన్నీ అయిపోయేదాకా ఏదీ తిరిగి ఇవ్వదు. అయిపోయాక జనరేషన్ పెంచి, ఏ నంబర్లు ఇచ్చేశారో గుర్తుంచుకునే బిట్‌మ్యాప్ తుడిచి, ఒక్కో కోరుకీ ఫ్లష్ బాకీ ఉందని గుర్తు పెడుతుంది. తర్వాతి స్విచ్‌లో ఆ కోరు తన టీఎల్బీ తానే ఖాళీ చేసుకుంటుంది.

కడప_డ్రైవర్లు:
తప్పుడు సలహా అనే ముందు కోడ్ చదవండి సార్. పేజీ టేబుళ్లు ఫ్రీ చేశాక ఫ్లష్ లేకపోతే వాక్ కాష్ (పేజీ టేబుల్ మధ్య మెట్లను దాచుకునేది) ఆ పాత పేజీల్లోకే పోతుంది. ఈలోగా ఆ పేజీ ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే గోవిందా. లైనక్స్ కూడా ఎగ్జిట్‌లో ఆ ఫ్లష్ చేస్తుంది.

తాడిపత్రి_సిస్టమ్స్:
నేనన్నది నంబరు తిరిగి ఇవ్వడం గురించి. రెండూ కలిపేసింది మీరు.

కడప_డ్రైవర్లు:
బ్రాడ్‌కాస్ట్ ఖర్చు ఎత్తింది ఎవరు? పైకెళ్లి మీ పోస్టు మీరే చూసుకోండి.

ఆదోని_ఎక్స్86:
కెర్నల్ మెమరీ కోడ్ ఇక్కడ నా అంత చూసినవాళ్లు లేరనే చెబుతా. ఇంటెల్‌లో పీసీఐడీ (అక్కడ ఏఎస్ఐడీ లాంటిది) 12 బిట్లు, అంటే 4096. 2017లో 4.14 వెర్షన్‌తో దాన్ని వాడటం మొదలుపెట్టిన లైనక్స్ ఒక్కో సీపీయూకి 6 మాత్రమే పెట్టుకుంది. ఈమధ్య నడిచిన ఆరు అడ్రస్ స్పేస్‌లు గుర్తుంటే చాలు. ఆర్మ్‌లోనూ అదే చేయొచ్చు.

కర్నూలు_బేర్‌మెటల్:
చేయకూడదు. ఆర్మ్‌లో బ్రాడ్‌కాస్ట్ రకం టీఎల్బీఐని హార్డ్‌వేరే అన్ని కోర్లకూ చేరవేస్తుంది. కోరుకో నంబరు ఇస్తే పక్క కోరులో వేరే ప్రాసెస్ ఎంట్రీలు పోయి, అసలు పోవాల్సినవి మిగిలిపోతాయి.

ప్రొద్దుటూరు_సీ:
పేజీ టేబుల్ ఎంట్రీలో ఎన్‌జీ (నాన్-గ్లోబల్) బిట్ సంగతి ఒక్కరూ అడగరేం? యూజర్ పేజీలకు అది పెట్టకపోతే ఎంట్రీ గ్లోబల్ అయిపోతుంది, హార్డ్‌వేర్ ఏఎస్ఐడీ వైపే చూడదు. దీనివల్లే మా బ్యాచ్ డెమో పోయింది.

అనంతపురం_ఫైనల్ఇయర్:
ఎన్‌జీ ఉందన్నా. ఏఎస్ఐడీబిట్స్ 2 వచ్చింది, 36వ బిట్ పెడితే 256 దాటింది. జనరేషన్ పద్ధతే రాస్తా. రోల్‌ఓవర్ (నంబర్లు అయిపోయి మళ్లీ మొదలయ్యే) సమయంలో పక్క కోరులో నడుస్తున్న ప్రాసెస్ నంబరు ఏమవుతుంది?

తాడిపత్రి_సిస్టమ్స్:
రిజర్వ్ చేయాలి. బిట్‌మ్యాప్ తుడవగానే, కోర్లలో నడుస్తున్న నంబర్లను మళ్లీ సెట్ చేయి. ఆ ప్రాసెస్ కొత్త జనరేషన్‌లోనూ అదే నంబరుతో సాగుతుంది. లాక్ ఈ దారిలోనే. మామూలు స్విచ్‌లో జనరేషన్ సరిపోతే ఒక్క కంపేర్-ఎక్స్‌చేంజ్ (పోల్చి, సరిపోతేనే మార్చే అటామిక్ ఆపరేషన్) చాలు. 2018లో మెల్ట్‌డౌన్ అనే సీపీయూ భద్రతా లోపం బయటపడ్డాక కేపీటీఐ (కెర్నల్, యూజర్ పేజీ టేబుళ్లను విడదీయడం) కోసం ప్రాసెస్‌కి జంట నంబర్లు కేటాయిస్తున్నారు, అక్కడ సగమే మిగులుతాయి. నీకు ఇప్పుడు అది వద్దు.

పులివెందుల_రిస్క్‌ఫైవ్:
మా రిస్క్-ఫైవ్ బోర్డులో ఏఎస్ఐడీకి ఎన్ని బిట్లున్నాయో చెప్పే ఐడీ రిజిస్టరే లేదే?

కడప_డ్రైవర్లు:
శాట్‌ప్ (satp, మీ దగ్గర టీటీబీఆర్ లాంటి రిజిస్టర్) లో ఏఎస్ఐడీ ఫీల్డ్ నిండా 1లు రాసి తిరిగి చదువు. ఎన్ని నిలిస్తే అన్ని బిట్లు. ఒక్కటీ నిలవకపోయినా స్పెక్ ఒప్పుకుంటుంది, అప్పుడు ప్రతి స్విచ్‌కీ మొత్తం ఫ్లష్ చేయాల్సిందే.