అప్‌డేట్: అయిదు మ్యూజియాలు చివరికి రెండయ్యాయి

వారం రోజుల్లో ఇద్దరు పిల్లలతో అయిదు విమాన, అంతరిక్ష మ్యూజియాలు చుట్టి రావచ్చా అని అడిగాను కదా. "సగానికి తగ్గించుకోండి" అన్నవారి మాట విన్నాం. బతికిపోయాం.

మొదట అమెరికాలో వాషింగ్టన్ దగ్గరి విమాన, అంతరిక్ష మ్యూజియం ఉద్వార్-హేజీ సెంటర్. 39 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చిన డిస్కవరీ షటిల్‌ను కడగకుండా, వేడికి కమిలిన పలకలతోనే నిలబెట్టారు. అయినా మా అమ్మాయి కదలనిది ఎస్‌ఆర్-71 అనే గూఢచారి విమానం ముందు నుంచి. ఆ విమానం 1990లో లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల్లో వచ్చి, నేరుగా మ్యూజియం చేతికి చేరిందట. మేం పార్కింగ్ నుంచి తలుపు దాకా రావడానికే అందులో సగం పట్టింది!

తర్వాత ఫ్లోరిడాలో కెన్నెడీ స్పేస్ సెంటర్. ఇక్కడే నా లెక్క తప్పింది. ఒక్క పూట చాలనుకున్నాను. మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపిన సాటర్న్-5 రాకెట్ ఉన్న భవనానికి వేరే బస్సులో వెళ్లాలి. 110 మీటర్ల ఆ రాకెట్‌ను పడుకోబెట్టి ఉంచారు, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేసరికే బాబుకు ఆకలి వేసింది. అక్కడే ఉన్న మరో షటిల్ అట్లాంటిస్‌కు మిగిలింది గంటే. మర్నాడు మళ్లీ వెళ్లాం.

మిగిలిన మూడు మ్యూజియాలున్న హ్యూస్టన్, హంట్స్‌విల్, డేటన్ ఇంకో ఏడాదికి. డేటన్‌కు పిల్లల్ని ఏ వయసులో తీసుకెళ్తే బాగుంటుంది?