గాలి తగిలాక ఒక సిలికాన్ ఫిల్మ్‌లో కరెంట్ పడిపోయింది, ఇంకోదాంట్లో పెరిగింది. ఎందుకు?

పికోఆంప్:
గాజు మీద పీఈసీవీడీతో (వాయువుల్ని ప్లాస్మాలో విడగొట్టి పొర వేసే పద్ధతి) వేసిన రెండు సిలికాన్ ఫిల్ములు, రెండూ 500 నానోమీటర్ల మందం. ఒకటి అమార్ఫస్ (అణువులకి వరుస లేనిది), రెండోది హైడ్రోజన్ బాగా ఎక్కువ వదిలి వేసిన మైక్రోక్రిస్టలైన్ (సన్నటి స్ఫటికాలున్నది). అల్యూమినియం ఎలక్ట్రోడ్ల మధ్య అర మిల్లీమీటరు గ్యాప్, 100 వోల్టులు. వేసిన రోజు వ్యాక్యూమ్‌లో, చీకట్లో కొలిస్తే మైక్రోక్రిస్టలైన్‌కి 10 నానో ఆంపియర్లు, అమార్ఫస్‌కి 12 పికో ఆంపియర్లు (పికో అంటే నానోలో వెయ్యో వంతు) వచ్చాయి. మూడు వారాలు డెసికేటర్‌లో (తేమ తగలకుండా దాచే డబ్బా) ఉంచాను, అందరూ రోజంతా తెరిచి మూసే డెసికేటరే, అందులో తేమ పీల్చే సిలికా జెల్ ఎప్పుడో నిండిపోయి గులాబీ రంగుకి తిరిగింది. నిన్న బయట వాన పడుతుంటే మామూలు గాలిలోనే కొలిచాను: మైక్రోక్రిస్టలైన్ 1.4 నానోకి పడిపోయింది, అమార్ఫస్ 150 పికోకి ఎక్కింది! ఒకే గాలి రెండింటినీ చెరోవైపు ఎలా లాగుతుంది? పేపర్లో ఏ నంబర్ వేయాలి? సార్‌ని అడిగితే "మళ్లీ కొలువు" అంటారు, అంతే.

పాతకాపు:
మైక్రోక్రిస్టలైన్ సంగతి నాకు బాగా అనుభవమే తమ్ముడూ. హైడ్రోజన్ ఎక్కువ పెట్టి వేసిన ఫిల్మ్ స్తంభాల్లా నిలువుగా పెరుగుతుంది, స్తంభాల మధ్య సన్నటి సందులుంటాయి, గాలి పైపైన ఆగకుండా ఆ సందుల్లోంచి లోపలిదాకా పోతుంది. అక్కడ అంటుకున్న ఆక్సిజన్, నీటి ఆవిరి ఉపరితలం దగ్గర ఛార్జ్‌ని మార్చేస్తాయి, కరెంట్ పెరగడమా తగ్గడమా అన్నది ఫిల్మ్‌ని బట్టి. వ్యాక్యూమ్‌లో 160 డిగ్రీల దగ్గర ఒక గంట వేడి చెయ్యి, ఊరికే అంటుకున్నదంతా పోతుంది. అప్పటికీ తిరిగి రానిది ఆక్సైడ్ కింద లెక్క, అది వేడికి పోదు. అనుమానముంటే ఎఫ్‌టీఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో బంధాల్ని గుర్తించే పరీక్ష) సెంటీమీటరుకి 1000 నుంచి 1100 తరంగాల మధ్య సిలికాన్-ఆక్సిజన్ పీక్ పెరిగిందేమో చూడు.

గాజుముక్క:
అమార్ఫస్ ఫిల్మ్‌ని తిట్టేముందు గాజుని అనుమానించండి. వానాకాలంలో గాజు మీద నీటి పొర పడుతుంది, పికో ఆంపియర్ల కొలతలో ఆ లీకేజీయే ఫిల్మ్ కరెంట్‌ని మింగేస్తుంది. ఫిల్మ్ లేని గాజు మీద అవే ఎలక్ట్రోడ్లు వేసి కొలిచారా? నేను ఒకసారి కొలవకుండా నాలుగు నెలలు "ఏజింగ్" అని గ్రాఫులు గీశాను, ఆ సిగ్గు ఇంకా పోలేదు.

సందేహాలరాజు:
ఇంకో తిరకాసు. అమార్ఫస్‌కి చాలాసేపు వెలుగు తగిలినా, ఆ తర్వాత చీకట్లో కొలిచే కరెంట్ పడిపోతుంది, 1977లో స్టేబ్లర్, రాన్‌స్కీ అనే పరిశోధకులు చూపించింది అదే, 150 డిగ్రీలు దాటి వేడి చేస్తే అదీ బాగవుతుంది. కాబట్టి వేడి చేస్తే కోలుకుంది కదా అని గాలి మీద నేరం మోపలేం. ఒక ముక్క గాలిలో చీకట్లో, ఇంకో ముక్క నైట్రోజన్‌లో వెలుగులో పెట్టి చూస్తే తప్ప తేలదు.

పికోఆంప్:
గాజుముక్క గారూ, దండం. ఉత్త గాజు మీదే 130 పికో వచ్చింది! అమార్ఫస్‌ని వ్యాక్యూమ్‌లో పెట్టి, వేడి చేయకుండానే కొలిస్తే 13, అంటే దానికి ఏమీ కాలేదు. మైక్రోక్రిస్టలైన్ మాత్రం నిజంగానే దెబ్బతింది, 160 దగ్గర గంట ఉంచితే 8.5 నానోకి వచ్చి అక్కడే ఆగింది. మిగతా ఒకటిన్నర ఆక్సైడేనా అన్నది ఎఫ్‌టీఐఆర్ స్లాట్ దొరికాక, బుధవారం. పేపర్లో వేడి చేశాక వ్యాక్యూమ్‌లో వచ్చిన నంబరే వేసి, ఎన్ని రోజులు గాలిలో ఉందో పక్కనే రాస్తాను. జెల్‌ని ఓవెన్‌లో పెట్టాను, నీలం రంగు వచ్చేసింది.