నాలుగేళ్ళుగా తగ్గని మొటిమలు, ఏ రక్తపరీక్షలు చేయించుకోవాలి?

మల్లెతీగ:
అందరికీ నమస్తే. నాకు 27 ఏళ్ళు, ఊరు గుంటూరు దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకటీ అరా మొటిమలు వచ్చి పోయాయి గానీ 23 దాటాక మొదలైనవి మాత్రం పోవట్లేదు. గడ్డం కింద, దవడ వెంబడి, ఒక్కోసారి మెడ దాకా. లోపల గట్టిగా గడ్డలా ఉంటాయి, ముట్టుకుంటే నొప్పి, పది పదిహేను రోజులకి అణిగి నల్లమచ్చ మిగులుతుంది, ఆ మచ్చ మానకముందే పక్కన ఇంకోటి. ఇద్దరు స్కిన్ డాక్టర్లకి చూపించాను. యాంటీబయాటిక్ మాత్రలు వేసుకున్నన్నాళ్ళు బాగుంటుంది, ఆపిన నెలకి మళ్ళీ మామూలే. అమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్ళు, మజ్జిగ తాగిస్తోంది. మామిడిపండు మానేశాను, చికెన్ మానేశాను, ఏమీ మారలేదు.

పైన క్రీములు రాయడం కాదు, లోపల అసలు కారణం ఏంటో తెలుసుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ ఒకటి చూశాను, ఎనభైకి పైగా పరీక్షలట, ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారు. ఇంకోటి, మన ఒంటికి ఏ తిండి పడదో రక్తంలో చూసి చెప్తారట, దానికైతే నా జీతంలో పెద్ద ముక్కే పోతుంది. ఈ రెండిట్లో ఏది చేయించుకోమంటారు? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఫోటో దిగమంటే ఏడుపొస్తోంది, కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి.

వైజాగ్_అక్క:
చెల్లీ, ఆ ప్యాకేజీకి ఇప్పుడే డబ్బు కట్టకు. నేను సరిగ్గా అదే చేసి ఏడాది పోగొట్టుకున్నాను. పుస్తకమంత రిపోర్ట్ వచ్చింది, లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్, విటమిన్లు, ఐరన్ అన్నీ ఉన్నాయి, అంతా నార్మల్ అని చూసి ఇక నాకు లోపల ఏ తేడా లేదనుకున్నాను. తర్వాత గైనకాలజిస్ట్ ఆ కాగితాలన్నీ తిరగేసి, "ఇందులో టెస్టోస్టిరాన్ ఎక్కడుందమ్మా" అని అడిగారు. లేదు. ఆడవాళ్ళలోనూ కొంచెం ఉండే మగ హార్మోన్ అది. మొటిమలకి సంబంధించింది ఒక్కటీ చూడకుండానే నార్మల్ అయిపోయాను. అంత జాబితాలో మనకి కావాల్సింది ఉండే ఉంటుందనుకోవడం నా పొరపాటు.

ముందు వీటికి జవాబు చెప్పు. పీరియడ్స్ ఎన్ని రోజులకి వస్తాయి? పై పెదవి మీద, గడ్డం మీద, పొట్ట మీద మందంగా వెంట్రుకలు వస్తున్నాయా? పాపిట దగ్గర జుట్టు పలచబడుతోందా? ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? ఇప్పుడు ఏ మాత్రలు వేసుకుంటున్నావు, బలం మాత్రలతో సహా చెప్పు.

మల్లెతీగ:
అక్కా, పీరియడ్స్ 45 రోజులకి, ఒక్కోసారి రెండు నెలలకి. అమ్మకీ అంతేనట, మన ఇంట్లో ఆడవాళ్ళకి అలాగే వస్తాయిలే అంటే నేనూ పట్టించుకోలేదు, డాక్టర్లిద్దరికీ కూడా చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. గడ్డం కింద రెండు వారాలకోసారి థ్రెడింగ్ చేయించుకుంటాను. నాన్నకి షుగర్ ఉంది. జుట్టు రాలుతోందని ఆరు నెలలుగా రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర వేసుకుంటున్నాను.

చర్మవైద్యుడు_తిరుపతి:
మల్లెతీగ గారూ, మీరు ఇప్పుడు రాసిన ఆ నాలుగు మాటలు ఏ రక్తపరీక్ష కన్నా ఎక్కువ చెప్తున్నాయి. మొటిమలున్న అందరికీ హార్మోన్ పరీక్షలు అక్కర్లేదు, చాలామందిలో రక్తంలో అన్నీ మామూలుగానే ఉంటాయి, వాళ్ళ చర్మంలోని నూనె గ్రంథులు ఆ మామూలు హార్మోన్‌కే ఎక్కువగా స్పందిస్తాయి. కానీ 35 రోజులు దాటి వచ్చే పీరియడ్స్, గడ్డం మీద వెంట్రుకలు, మందులాపగానే తిరిగొచ్చే మొటిమలు, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే పరీక్షలు తప్పకుండా చేయించాలి. మీ విషయంలో నా మొదటి అనుమానం పీసీఓఎస్, అంటే మగ హార్మోన్ ఎక్కువై పీరియడ్స్ గాడి తప్పే అండాశయాల సమస్య, మనవాళ్ళు పీసీఓడీ అనేది అదే.

చేయించాల్సినవి మరీ ఎక్కువేం లేవు. టోటల్ టెస్టోస్టిరాన్, దానితోపాటు ఎస్‌హెచ్‌బీజీ. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. టెస్టోస్టిరాన్‌ని రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్ అది, లివర్‌లో తయారవుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే లివర్ దాన్ని తక్కువగా చేస్తుంది, అప్పుడు టోటల్ నార్మల్ అని వచ్చినా విడిగా తిరిగే హార్మోన్ ఎక్కువై చర్మం మీద పనిచేస్తుంది. అదే ఇన్సులిన్ అండాశయాల చేత టెస్టోస్టిరాన్ కూడా ఎక్కువ చేయిస్తుంది. అందుకే మొటిమల గురించి మాట్లాడుతూ షుగర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది. ఇవి కాక డీహెచ్ఈఏ-ఎస్, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల సంగతి చెప్తుంది. 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్, పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ సమస్య అచ్చం పీసీఓఎస్ లాగే కనిపిస్తుంది కాబట్టి అది కాదని తేల్చుకోవడానికి. థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, పీరియడ్స్ ఆలస్యానికి ఇంకో కారణం ఉందేమో చూడటానికి. షుగర్‌కి మాత్రం పరగడుపు పరీక్ష ఒక్కటీ సరిపోదు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత కూడా చూడాలి, నాన్నగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి ఇది మానొద్దు.

తిండి పడదని చెప్పే ఆ రక్తపరీక్షకి ఒక్క రూపాయి పెట్టకండి. అందులో కొలిచే ఐజీజీ అనే యాంటీబాడీ మీరు ఆ పదార్థం తిన్నారని చెప్తుంది, పడలేదని కాదు. రోజూ తినే అన్నం, పెరుగు, పప్పు అన్నీ ఎర్రగా చూపిస్తే భయపడి అవన్నీ మానేసినవాళ్ళు నా దగ్గరికి వచ్చారు, మొటిమలు అలాగే ఉన్నాయి, మనిషి చిక్కిపోయారు. బాధగా ఉంటుంది చూస్తే.

ఒకటి అడగాలి, తెల్లబడటానికని పార్లర్‌లో గానీ మందుల షాపులో గానీ ఇచ్చిన క్రీము ఏదైనా రాస్తున్నారా? స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట మొహం నిగనిగలాడేలా చేసి, తర్వాత మొటిమలు తెప్పిస్తాయి, ఆపితే మంట. 2018లో వాటిని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలోకి తెచ్చినా ఇంకా అడిగితే ఇచ్చేస్తున్నారు. ఆ కారణం ఏ రక్తపరీక్షలోనూ కనపడదు.

ల్యాబ్_పన్నెండేళ్ళు:
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్ గారు చెప్పినవి చేయించుకునే ముందు ఆ బయోటిన్ సంగతి చూడండి, దయచేసి. చాలా ల్యాబుల్లో హార్మోన్ పరీక్ష చేసే మిషన్లు బయోటిన్‌నే వాడుకుని పనిచేస్తాయి, మీ రక్తంలో అది ఎక్కువగా ఉంటే కొన్ని రిపోర్టులు తప్పుగా ఎక్కువ, కొన్ని తప్పుగా తక్కువ వస్తాయి. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపించి, లేని థైరాయిడ్ జబ్బుకి మందు మొదలయ్యే ప్రమాదం కూడా ఉంది. కనీసం మూడు రోజుల ముందు ఆపేసి, రక్తం తీసేవాళ్ళకి కూడా నోటితో చెప్పండి, మాకు అడగమని ఎవరూ చెప్పరు.

రోజు కూడా ముఖ్యం. పీరియడ్ మొదలైన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల, పొద్దున్నే ఎనిమిది ప్రాంతంలో ఇవ్వండి. 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్ అయితే నెల రెండో సగంలో ఇస్తే ఎవరికైనా పెరిగే ఉంటుంది, అనవసరంగా టెన్షన్. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్ళకి టెస్టోస్టిరాన్, ఎస్‌హెచ్‌బీజీ రెండూ మారిపోతాయి, కానీ పరీక్ష కోసమని సొంతంగా ఆపకండి, రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి. పీరియడ్ రాక నెలలు దాటిపోతే ఏ రోజు రావాలో కూడా డాక్టరే చెప్తారు.

కరీంనగర్_జిమ్:
మగవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి నా సంగతి రాస్తున్నా. వీపంతా, భుజాలంతా వచ్చాయి, నేనూ హార్మోన్ పరీక్షలు చేయించాను, అన్నీ నార్మల్. చివరికి డాక్టర్ ఏం తింటున్నావు, ఏం పొడిపించుకుంటున్నావు అని అడిగితే వే ప్రోటీన్ రోజుకి రెండు స్కూపులు, నీరసానికని వారానికోసారి బీ12 ఇంజెక్షన్. రెండూ మొటిమలు తెప్పించగలవట. నా బీ12 అసలు తక్కువే లేదు, పరీక్ష లేకుండానే సూదులు వేయించుకున్నాను. రెండూ ఆపాక మూడు నెలల్లో చాలావరకు తగ్గాయి. బీ12 నిజంగా తక్కువున్నవాళ్ళు మాత్రం నా మాట విని ఆపకండి అన్నలూ.

మల్లెతీగ (రెండు నెలల తర్వాత):
అందరికీ చెప్పాలని మళ్ళీ వచ్చాను. క్రీములేవీ రాయట్లేదు డాక్టర్ గారూ, అది మాత్రం అదృష్టం. బయోటిన్ వారం ముందే ఆపి, పీరియడ్ మూడో రోజు పొద్దున్న రక్తం ఇచ్చాను. థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17-ఓహెచ్, డీహెచ్ఈఏ-ఎస్ అన్నీ నార్మల్. టోటల్ టెస్టోస్టిరాన్ కూడా నార్మల్‌లోనే, పై అంచున ఉంది. ఎస్‌హెచ్‌బీజీ బాగా తక్కువ, లెక్కేస్తే విడి టెస్టోస్టిరాన్ ఎక్కువని తేలింది. పరగడుపున షుగర్ 94, మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 5.6 శాతం, రెండూ బాగానే ఉన్నాయి. గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి మాత్రం 158. 140 లోపు ఉండాలట. ఆ ఒక్క అంకె చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

గైనకాలజిస్ట్ పీసీఓఎస్ అని చెప్పి ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టారు, రాత్రి అన్నం తగ్గించి పప్పు, గుడ్లు పెంచమన్నారు, నేనూ నాన్నా కలిసి రోజూ నడుస్తున్నాం. మొటిమలకి అడపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన జెల్, హార్మోన్ మాత్రల సంగతి వచ్చేసారి మాట్లాడదామన్నారు. ఇంకా వస్తూనే ఉన్నాయి గానీ లోపలి గడ్డలు తగ్గాయి. ఇంకో ప్రశ్న. మా చెల్లికి 17, దానికీ నుదురంతా మొటిమలే. ఇవే పరీక్షలు దానికీ చేయించేదా? అమ్మ భయపడుతోంది.

చర్మవైద్యుడు_తిరుపతి:
చాలా మంచి పని చేశారు. ఆ 158 ఇప్పుడే తెలియడం, నా దృష్టిలో, మొటిమలు తగ్గడం కన్నా పెద్ద విషయం. ఏడాదికోసారి మళ్ళీ చూపించుకోండి. ఒకవేళ చర్మం మీద మగ హార్మోన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ మాత్ర రాస్తే, అది వాడినన్నాళ్ళు గర్భం రాకూడదు. పెళ్ళి సంబంధాలంటున్నారు కాబట్టి ఈ మాట డాక్టర్‌తో ముందే చెప్పండి, మొహమాటపడొద్దు.

చెల్లికి నెలనెలా వస్తూ, మొహం మీద మందపు వెంట్రుకలు లేకపోతే ఏ రక్తపరీక్షా వద్దు. అదే జెల్ రాత్రిపూట బఠాణీ గింజంత, మొదట రోజు విడిచి రోజు, కనీసం 12 వారాలు ఓపిగ్గా రాయించండి. పీరియడ్స్ సరిగా రాకపోతే తీసుకెళ్ళి చూపించండి, అప్పుడు కూడా స్కానింగ్‌తో మొదలుపెట్టనివ్వకండి, రజస్వల అయిన ఎనిమిదేళ్ళ దాకా అండాశయాలు మామూలుగానే నీటిబుడగలతో నిండినట్టు కనిపిస్తాయి, దాన్ని చూసి పిల్లకి లేని జబ్బు అంటగట్టేస్తారు.