అప్పిచ్చువాడు తర్వాత కామా ఉందా?

సుమతీ శతకంలో ఆ పద్యం రెండు రోజులుగా బుర్ర తొలుస్తోంది. ‘అప్పిచ్చువాడు వైద్యుడు, ఎప్పుడు నెడతెగక పారు...’ తర్వాత ‘ఏరును’ అనా, ‘నేరును’ అనా? మొదటి పాదం మా పిల్లవాడికి కామా లేకుండా రాసిచ్చాను. ‘అప్పిచ్చేవాడే డాక్టరా?’ అన్నాడు. పద్యంలో కామా పెట్టొచ్చా?

— నేరును. పారు + ఏరు, నుగాగమం, అంటే నడుమ ‘న’ వచ్చి చేరడం. 1858లోనే చిన్నయసూరి బాలవ్యాకరణంలో తేల్చేశాడు.

— మరి ‘నెడతెగక’లో న? అదీ నుగాగమమేనా?

— కాదండీ, అది ద్రుతం, అంటే మాట చివర ఉండే ‘న్’ పొల్లు. ఎప్పుడున్ + ఎడతెగక. ఆ పొల్లు ఉంటేనే ‘ఎల్లప్పుడూ’ అని అర్థం. తీసేస్తే ‘ఎప్పుడు?’ అని ప్రశ్న. ఇప్పుడు ఆ పని దీర్ఘం చేస్తోంది, మనమేమో దాన్ని రాయడం మానేస్తున్నాం. మొన్న మా చెల్లికి ‘ఎప్పుడు నువ్వే ఫోన్ చేస్తావు’ అని మెసేజ్ పెట్టాను. ‘ఎప్పుడూ’ అని నా ఉద్దేశం. ‘ఆదివారం చేస్తాలే అన్నయ్యా’ అని జవాబొచ్చింది.

— నేను మొదట్నుంచీ అనేది అదే. తెలుగుకి సముచ్చయం, అంటే మాటల్ని కలిపే ‘ను’, దీర్ఘం ఉండగా కామాతో పనేముంది? పద్యంలోనే చూడండి: ఏరును, ద్విజుడున్. రెండింటికీ ‘ను’ ఉంది, వాటిని ఎవరూ తప్పు చదవరు. అప్పిచ్చువాడికీ వైద్యుడికీ అది లేదు. తికమకంతా అక్కడే.

— అన్నిచోట్లా నిలవదు మాస్టారూ. ‘అమ్మా నాన్న వచ్చారు’ అని రాస్తే ఇద్దరూ వచ్చినట్టా, అమ్మని పిలిచి చెప్పినట్టా? ‘అమ్మా, నాన్న వచ్చారు’ అంటే ఇక సందేహం లేదు. ఇక్కడ సముచ్చయం ఏం సాయం చేస్తుంది?

— ‘నాన్నా’ అని రెండో దీర్ఘం కూడా ఇస్తే ఇద్దరూ వచ్చినట్టే. ఇవ్వకపోవడం రాసినవాళ్ల తప్పు.

— యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు, ఎవరూ చూడలేదేం? ‘ఎప్పుడు’లో ఎకి ‘నేరు’లో ఏ. నకారంతో నిమిత్తం లేదు, లోపలి అచ్చుకే మైత్రి. సంధి కలిపేసినా కవి చెవికి ‘ఏరు’ విడిగానే వినపడుతోంది. పదం ఎక్కడ మొదలవుతుందో యతే చెప్తుంటే కామా ఎందుకు?

— యతి అచ్చుని చూపిస్తుంది, అర్థాన్ని విడదీయదు. పోతన ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై’ తీసుకోండి. కామా ఎక్కడ పెడతారు? ‘జగ’ తర్వాత పెడితే మాటే విరుగుతుంది.

— ఆ పాదం చిన్నప్పట్నుంచీ గొంతెత్తి చదువుతున్నాను, ‘జగ’ దగ్గర ఊపిరి ఎన్నడూ ఆగలేదు. ‘జనించు’ తర్వాత పెడతాను. లీనమై ఉండేది జగమే కదా.

— పుట్టేది జగం కాదా మరి?