రొయ్యల పొట్టు పొడి వేస్తే బోరు నీళ్ళలో యురేనియం పోతుందా?

భీమవరం కుర్రాడు:
మా అమ్మ రొయ్యలు వొలిచే షెడ్డుకి వెళ్తుందండి. అక్కడ పొట్టు బస్తాలకొద్దీ మిగులుతుంది. మా అక్కని కడప జిల్లాలో ఇచ్చాం. వాళ్ళ బోరు నీళ్ళు టెస్ట్ చేయిస్తే యురేనియం లీటరుకి 48 మైక్రోగ్రాములని వచ్చింది. డబ్ల్యూహెచ్‌వో చెప్పేది 30. అక్కకి ఒకటే టెన్షన్. రొయ్యల పొట్టు యురేనియాన్ని పట్టేస్తుందని వీడియోలో చూశాను. ఎండబెట్టి, పొడి కొట్టి బిందెలో వేస్తే చాలా?

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు:
బిందెలో మాత్రం వేయకు బాబూ, రెండో రోజుకే కంపు కొడుతుంది. పొట్టులో మాంసకృత్తులుంటాయి, సున్నం ఉంటుంది. యాసిడ్‌తో సున్నాన్నీ, పలచటి కాస్టిక్ సోడాతో మాంసకృత్తుల్నీ తీసేస్తే మిగిలేది కైటిన్. దాన్ని మళ్ళీ గాఢమైన సోడాలో కాస్తే కైటోసాన్. యురేనియాన్ని గట్టిగా పట్టేది అదీ, దాంట్లోని అమైన్‌లనే నైట్రోజన్ గుంపుల వల్ల. వంటింట్లో చేసే పని కాదు, చేతులు కాలతాయి.

ఎమ్మెస్సీ పిల్లలతో రెండేళ్ళు ఇదే చేయించాను. డిస్టిల్డ్ వాటర్‌లో యురేనిల్ నైట్రేట్ అనే యురేనియం ఉప్పు కలిపి చూస్తే బ్రహ్మాండం! మా కాలేజీ బోరు నీళ్ళలో కలిపి చూస్తే కైటోసాన్ దిక్కులు చూసింది. రాయలసీమ బోరు నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ. యురేనియం ఆ నీళ్ళలోని కార్బొనేట్‌నీ కాల్షియాన్నీ వెంటేసుకుని తిరుగుతుంది, ఇక అమైన్‌కి చిక్కదు. వీడియోల వాళ్ళు ఈ ముక్క చెప్పరు.

పైగా, పట్టిన పొడిని ఎక్కడ పారేస్తావు? యురేనియం-238 సగమవడానికే దాదాపు 450 కోట్ల ఏళ్ళు. పెంటకుప్పలో పోస్తే వానకి మళ్ళీ నేలలోకే.

నల్గొండ అన్న:
తమ్ముడూ, ఎముకల బొగ్గు ఫ్లోరైడ్‌ని పడుతుంది, అందులోని కాల్షియం ఫాస్ఫేట్ యురేనియాన్నీ పడుతుంది. కాకపోతే ఎముకలనగానే మా ఊళ్ళో సగం ఇళ్ళు ముట్టవు. మీ అక్కని ఆర్వో పెట్టించుకోమను. కాచి తాగమని ఎవరన్నా చెప్తే వినొద్దు, ఆవిరయ్యేది నీళ్ళే, యురేనియం గిన్నెలోనే ఉంటుంది.

మాస్టారు:
అవును, ఆర్వో మేలు. అది బయటికి వదిలే నీళ్ళు మాత్రం వంటకీ గేదెలకీ వద్దు. ఈ మోతాదులో రేడియేషన్ కంటే కిడ్నీల సంగతే చూసుకోవాలి. డాక్టర్‌కి రిపోర్టు చూపించి క్రియాటినిన్ టెస్ట్ అడగమను. ఆర్వో పెట్టాక నీళ్ళు మళ్ళీ టెస్ట్‌కి పంపండి.

భీమవరం కుర్రాడు:
థాంక్సండి. ఆర్వో మనిషి ఆదివారం వస్తాడట. అమ్మ అక్కకోసమని పక్కన పెట్టిన రెండు బస్తాల పొట్టూ కోళ్ళ దాణా వాళ్ళకి ఇచ్చేసింది.